కొత్తగా ఇన్‌ఛార్జి అయ్యారా? మొదటి 90 రోజులు ఇలా నడపండి

2013లో, విశాఖపట్నంలో గాజువాక దాటాక ఉన్న ఒక ఫ్యాక్టరీలో నన్ను మెయింటెనెన్స్ షిఫ్ట్ ఇన్‌ఛార్జిని చేశారు. వయసు 27. నా కింద 14 మంది. అందులో ఐదుగురు మా నాన్న ఈడువాళ్లు. ముగ్గురు నిన్నటిదాకా నా పక్కన కూర్చుని నా క్యారేజీలో చెయ్యి పెట్టి తిన్నవాళ్లు. మొదటిరోజు 'ఎ' షిఫ్ట్, పొద్దున్న ఆరు గంటలు. రాత్రంతా అద్దం ముందు బట్టీ పట్టిన ఉపన్యాసం గొంతు దాటి బయటికి రాలేదు. "అందరం బాగా పని చేద్దాం" అన్నాను. అంతే. అరనిమిషం చూసి, వెనకనుంచి ఒక సీనియర్ ఫిట్టర్ అడిగాడు: "అయిపోయిందేటి బావూ? టీకి ఎల్లొచ్చా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ చెవులు కాలిపోయాయి.

అప్పట్లో నా లెక్క ఏమిటంటే, ముందు ఆత్మవిశ్వాసం రావాలి, అది వచ్చాక నాయకత్వం చేయాలి. ఆ లెక్క ప్రకారం కూర్చుని ఉంటే ఇప్పటికీ అద్దం ముందే ఉండేవాణ్ణి. ధైర్యం పనికి ముందు రాదు, పని చేసిన తర్వాత వస్తుంది, అది కూడా కొంచెం కొంచెంగా. ఇక ఒక ఇన్‌ఛార్జి ఎంత గట్టివాడో తెలుసుకోవడానికి నాకిప్పుడు ఒకటే కొలత ఉంది. చెడు వార్త అతని చెవిన పడడానికి ఎంతసేపు పడుతోంది? కింద చెప్పే అడుగులన్నీ ఆ సమయాన్ని తగ్గించడానికే.

నేను ఫ్యాక్టరీ భాషలో చెబుతాను, నాకు తెలిసింది అదే కాబట్టి. జగదాంబ దగ్గర బట్టల షాపులో ఫ్లోర్ చూసేవాళ్లయినా, ఆసుపత్రి వార్డులో హెడ్ నర్స్ అయినా, మధురవాడలో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీగా ఇరుక్కుపోయినవాళ్లయినా (ఆ పదవి ఎవరూ కోరి తీసుకోరు) పేర్లు మార్చుకుని చదువుకోవచ్చు.

మొదటి అడుగు: మాట్లాడకండి, రాసుకోండి

మొదటి రెండు వారాలు ఏదీ మార్చకండి. జేబులో పట్టే నోట్‌బుక్ ఒకటి కొని, మీ కింద పనిచేసే ప్రతి మనిషికీ రెండు పేజీలు వదలండి. మీద పేరు రాయండి. దానికింద అతన్ని అందరూ ఏమని పిలుస్తారు, ఏ పేటలో ఉంటారు, ఏ బస్సులో వస్తారు, ఏ పనిలో చెయ్యి తిరిగినవారు, ఏ పనంటే వెనకాడతారు, ఇంట్లో మంచాన ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఇవి రాయండి. ఒక్కొక్కరితో పావుగంట విడిగా కూర్చోండి. ఆఫీసు గదిలో కాదు, వాళ్లు పనిచేసే చోటే. మూడే ప్రశ్నలు అడగండి.

"రోజూ మీకు చిరాకు తెప్పించేది ఏంటి?"

"ఇక్కడ నేను మార్చకూడనిది ఏంటి?"

"ఇన్నాళ్లూ పై వాళ్లదాకా చేరని విషయం ఏదైనా ఉందా?"

రెండో ప్రశ్న ముఖ్యం. కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి మార్చి తన గుర్తు వేయాలనుకుంటాడు. పాతవాళ్లు ఏళ్ల తరబడి సరిచేసుకున్న ఏర్పాటు ఒకటి ఉంటుంది. బయటికి గందరగోళంగా కనిపించినా లోపల చక్కగా నడుస్తూ ఉంటుంది. దాని జోలికి వెళ్తే మొదటి నెలలోనే మనుషులు దూరమవుతారు.

వింటున్నప్పుడు మాట ఇవ్వకండి. "చూస్తాను" అని కూడా అనకండి, మన ఆఫీసుల్లో ఆ మాటకి "చేయను" అనే అర్థం స్థిరపడిపోయింది. "రాసుకున్నాను" అనండి. అందరి దగ్గరా విన్నాక, ఎక్కువమంది చెప్పిన చిన్న సమస్య ఒకటి ఎంచుకుని వారంలో తీర్చేయండి. జీతాలు, ప్రమోషన్లు వద్దు, అవి మీ చేతిలో ఉండవు. చల్లటి మంచినీళ్లు, బాత్‌రూమ్ గొళ్లెం లాంటివి చాలు. నా విషయంలో అది చేతి గ్లౌజులు. పాతవి చిరిగిపోయాయని తొమ్మిది మంది చెప్పారు. స్టోర్స్‌తో పోట్లాడి నాలుగు రోజుల్లో కొత్త గ్లౌజులు తెప్పించాను. చాలా గర్వపడ్డాను. ఆ గ్లౌజుల సంగతి మళ్లీ వస్తుంది.

ఈ నోట్‌బుక్ ఎంత పనికొస్తుందో నాకు 2014 అక్టోబరు 12న తెలిసింది. ఆదివారం, హుద్‌హుద్ తుపాను ఊరిమీద విరుచుకుపడిన రోజు. మర్నాటికి కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల నిండా చెట్లు. కంప్యూటర్‌లో అందరి నంబర్లూ ఉన్నాయి, ఏం లాభం? ఎవరు ఏ పేటలో, ఏ గుడి వెనక వీధిలో ఉంటారో నా నోట్‌బుక్‌లో ఉంది. ఇద్దరం సైకిళ్ల మీద బయల్దేరి రెండు రోజుల్లో 14 ఇళ్లూ తిరిగాం. ఎవరి రేకులు లేచిపోయాయి, ఎవరింట్లో పసిపిల్లకి పాలు లేవు, ఎవరు డ్యూటీకి రాగలరు అన్నీ తెలిశాయి. నాలుగు మంచి మాటలు చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు. వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను, అంతే. ఆ తర్వాత మా షిఫ్ట్‌లో నన్ను చూసే చూపే మారిపోయింది.

రెండో అడుగు: పిలుపులు సరిచూసుకోండి

ఇది చిన్న విషయం అనుకుంటారు. మన దగ్గర సగం గొడవలు ఇక్కడే మొదలవుతాయి. నిన్నటిదాకా "బాబాయ్" అని పిలిచిన పెద్దాయన్ని ఇవాళ పేరు పెట్టి పిలిస్తే, ఆయన పని చేస్తాడు గానీ మీకు ఏదీ చెప్పడు. బాబాయ్‌ని బాబాయ్‌గానే ఉంచండి. పని చెప్పేటప్పుడు మాత్రం మాట స్పష్టంగా ఉండాలి. "బాబాయ్, నంబర్ టూ పంపు పదింటికల్లా విప్పాలి. మీరు, ఇంకో ఇద్దరు" అంటే అందులో మర్యాదా ఉంది, ఆర్డరూ ఉంది. "వీలైతే కాస్త చూస్తారా" అని నసిగితే రెండూ పోతాయి.

స్నేహితులది వేరే కథ. వాళ్లు "రా" అని పిలవడం మానరు, మానాలని కోరుకోవడం కూడా తప్పే. నేను ముగ్గుర్నీ గేటు బయట టీ బండి దగ్గరికి తీసుకెళ్లి సూటిగా చెప్పాను: "బయట మనం ఎప్పటిలాగే. లోపల డ్యూటీ చార్టులో మాత్రం మీకు ప్రత్యేకం ఏదీ ఉండదు. రాత్రి పూట సి షిఫ్ట్‌లు మీకూ సమానంగా పడతాయి." ఒకడు నెలరోజులు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు. ఈ సంభాషణని మీరెంత వాయిదా వేస్తే అంత చేదవుతుంది, మొదటి వారంలోనే ముగించండి.

మూడో అడుగు: ఐదు నిమిషాల మాట

ఫ్యాక్టరీల్లో షిఫ్ట్ మొదట్లో టూల్‌బాక్స్ టాక్ అని ఒకటుంటుంది. పనిముట్లు పట్టుకునే ముందు నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడుకోవడం. నలుగురిలో నోరు పెగలనివాడికి ఇంతకంటే మంచి బడి లేదు, ఎందుకంటే రోజూ ఉంటుంది, త్వరగా అయిపోతుంది, నిన్న పాడుచేసినా ఇవాళ మళ్లీ అవకాశం వస్తుంది.

ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో చెప్పిన ప్రకారం, "నేను చేయగలను" అనే నమ్మకం నాలుగు వైపుల నుంచి వస్తుంది. స్వయంగా చేసి నెగ్గడం, మనలాంటివాడు చేస్తుంటే చూడడం, మనకి గురి ఉన్న మనిషి "నీవల్ల అవుతుంది" అనడం, గుండెదడ లాంటి ఒంటి సూచనలకి మనం చెప్పుకునే అర్థం. నాలుగింటిలో మొదటిదే బలమైనది. ప్రేరణ ఉపన్యాసాలు వింటే వచ్చేది మూడోది. అది రెండు రోజులు ఉంటుంది. అందుకే ఆ వీడియోలకి పెట్టే సమయం సాధనకి పెట్టమంటాను.

సాధన ఇలా మొదలుపెట్టండి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవాళ్లని చూశారుగా. కొండ కింద మొదటి మెట్టు, తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు నడవాలి. ఏడాదంతా కుర్చీలో కూర్చుని ఆరోజు పొద్దున్నే దూకినవాళ్లకి సగం దారిలోనే కాళ్లు బొబ్బలెక్కుతాయి. తెలిసినవాళ్లు నెల ముందునుంచే నడక పెంచుకుంటూ వస్తారు. మాటకీ అదే పద్ధతి. మొదటి వారం లాగ్‌బుక్‌లో రాసింది చూసి చదవండి, చాలు. రెండో వారం చూడకుండా చెప్పండి. మూడో వారం చివర ఒక ప్రశ్న వేయండి. నాలుగో వారం వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లు కూడా ఉన్న మీటింగ్‌లో ఒక్క మాటైనా మాట్లాడండి. తర్వాతి మెట్టుకి జంకు అనిపిస్తే ఆగండి, అదే మెట్టు మీద ఇంకో వారం ఉండండి.

చెప్పాల్సినవి మూడే: నిన్న ఏం మిగిలింది, ఇవాళ ఏం చేయాలి, ఎక్కడ దెబ్బ తగిలే అవకాశం ఉంది. మొదటి వాక్యం మాత్రం కంఠతా రావాలి. గొంతు వణికేది మొదటి పది సెకన్లే, ఆ పది సెకన్లూ నోరు దానంతటదే నడిస్తే మిగతాది దొరుకుతుంది. మొదలుపెట్టేముందు ఊపిరి పూర్తిగా వదలండి. అందరూ పీల్చమంటారు. వదిలితే పీల్చుకోవడం దానంతటదే జరుగుతుంది. గోడని కాకుండా ఒక మనిషిని చూసి వాక్యం ముగించండి, తర్వాతి వాక్యానికి ఇంకో మనిషి. చివర "అర్థమైందా?" అని అడగొద్దు, అందరూ తలూపుతారు. "బాబాయ్, ఆ వాల్వ్ ముందు ఎవరు మూస్తారు?" అని అడగండి. జవాబు రాకపోతే మీరు సరిగ్గా చెప్పలేదన్నమాట.

గొంతు చిన్నదైనవాళ్లకి ఒక చిట్కా, ఇది ఏ పుస్తకంలోనూ లేదు. తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు, నడిచేవాళ్లే ఉంటారు. ఇసుకలోకి దిగి, అలల వైపు తిరిగి, మర్నాడు చెప్పాల్సింది పైకి చెప్పండి. పది అడుగుల దూరంలో ఫ్రెండుని నిలబెట్టి, వినిపించిందా అని అడగండి. సముద్రపు హోరుని దాటిన గొంతుకి పంపుల హోరు లెక్క కాదు. పిచ్చోడనుకుంటారేమోనని టెన్షన్ వద్దు. ఆ వేళకి అక్కడ చప్పట్లు కొట్టి నవ్వేవాళ్లు, వెనక్కి నడిచేవాళ్లు బోలెడుమంది ఉంటారు.

నాలుగో అడుగు: చెడు వార్తకి దారి వేయండి

అసలు పని ఇదే, మిగతావన్నీ దీనికోసమే.

నేను ఇన్‌ఛార్జి అయిన రెండో నెల. బి షిఫ్ట్, అంటే మధ్యాహ్నం డ్యూటీ. కూలింగ్ వాటర్ పంపు గ్లాండ్ (నీళ్లు కారకుండా ఆపే బిగింపు) దగ్గర లీకేజీ పెరగడం ఒక కుర్రాడు నాలుగు గంటలకే చూశాడు. నాకు ఆరింటికి చెప్పాడు. ఆలోగా నీళ్లు బేరింగ్‌లోకి వెళ్లి నూనె పాడైంది, బేరింగ్ పట్టేసింది, పంపు ఆగింది. గ్లాండ్ బిగించే పని పది నిమిషాలది. బేరింగ్ మార్చేసరికి తెల్లారింది. "ముందే ఎందుకు చెప్పలేదురా?" అని అరిచాను. వాడు కిందకి చూశాడు. టీ బండి దగ్గర స్నేహితుడు చెప్పాడు తర్వాత: "నిన్న స్పానర్ పోగొట్టుకున్నాడని వేరేవాణ్ణి అందరిముందూ కడిగేశావు కదరా. వీడు భయపడి తనే బిగిద్దామని చూశాడు. అవలేదు."

అంటే పంపు ఆగిపోవడానికి సగం కారణం నా నోరు.

హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్సన్ 1990ల్లో అమెరికా ఆసుపత్రుల్లో నర్సుల బృందాలని పరిశీలించారు. మంచి బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె ఊహ. లెక్క చూస్తే తిరగబడింది, నాయకత్వం బాగున్న బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, దాచకుండా చెప్పుకోవడం వల్ల అని తర్వాత తేలింది. కాబట్టి మీ షిఫ్ట్‌లో "ఏ సమస్యా లేదు సార్" అని నెలరోజులుగా వినిపిస్తోంటే సంతోషించకండి. కంగారుపడండి.

చెడు వార్త వచ్చినప్పుడు నేను పాటించే వరస ఇది. మొదటి మాట: "చెప్పి మంచిపని చేశావు." ఇష్టం లేకపోయినా, పళ్లు కొరుక్కుంటూ అయినా ఇదే మొదటి మాట. రెండోది: "ఎవరికైనా దెబ్బ తగిలే ప్రమాదం ఉందా?" మూడోది: "ఇప్పుడు నీకు ఏం కావాలి?" ఎవరివల్ల జరిగింది అన్న ప్రశ్న ఆరోజు అడగను. మర్నాడు, వేడి చల్లారాక, "ఎవరు" అని కాకుండా "ఎలా" అని అడుగుతాను. తాగొచ్చి పనిలోకి దిగడం, తెలిసి పర్మిట్ (రాతపూర్వక అనుమతి) లేకుండా పైపులైను విప్పడం లాంటివి వేరు, వాటికి ఓదార్పు ఉండదు. అవి పొరపాట్లు కావు.

ఇది నమ్మించాలంటే ముందు మీ తప్పు మీరు చెప్పుకోవాలి. నేను మర్నాడు టూల్‌బాక్స్ టాక్‌లో "నిన్న పంపు ఆగడంలో నా తప్పుంది, మొన్న అందరిముందూ అరవకుండా ఉండాల్సింది" అన్నాను. చెప్పేముందు పరువు పోతుందనుకున్నాను. ఏమీ పోలేదు. లాగ్‌బుక్ వెనక "తృటిలో తప్పిపోయిన ప్రమాదాలు" అని ఒక పేజీ పెట్టి మొదటి మూడు ఎంట్రీలు నావే రాశాను. నాలుగోది రావడానికి 11 రోజులు పట్టింది.

ఐదో అడుగు: నిర్ణయాల ఖాతా

నిర్ణయాలు రెండు రకాలు. తప్పయితే రేపు మార్చుకోగలిగేవి, మార్చుకోలేనివి. డ్యూటీ చార్టు, టీ విరామం వేళ, ఏ పనికి ఎవరిని పంపాలి, ఇవి మొదటి రకం. వీటిని పది నిమిషాల్లో తేల్చేయండి. మనుషుల భద్రత, ఉద్యోగం తీసేయడం, పెద్ద ఖర్చు రెండో రకం. వీటికి ఒక రాత్రి ఆగండి, మీకంటే తెలిసిన ఇద్దరిని అడగండి. కొత్తవాళ్లం దీన్ని తిరగేసి చేస్తాం. చార్టుకి వారం తర్జనభర్జన, లైను విప్పడానికి అరనిమిషం.

నోట్‌బుక్ చివరి పేజీల్లో ప్రతి ముఖ్య నిర్ణయానికీ నాలుగు లైన్లు రాయండి: తేదీ, ఏం నిర్ణయించాను, ఎందుకు, ఏమవుతుందనుకుంటున్నాను. నెల తర్వాత తీసి చూడండి. నా ఖాతాలో మొదటి మూడు నెలల్లో 19 నిర్ణయాలు, అందులో అనుకున్నట్టు జరిగినవి 12. సగం పైన సరైనవని కాగితం మీద కనిపించాక వచ్చిన నిబ్బరం వేరు. తప్పిన ఏడింటిలో ఐదు, మనిషిని సరిగ్గా అంచనా వేయక తప్పినవి. మిషన్ల సంగతి నాకు తెలుసు, మనుషుల సంగతి తెలియదన్నమాట. ఎక్కడ నేర్చుకోవాలో ఆ ఖాతాయే చెప్పింది.

ఆరో అడుగు: పని అప్పగించడం

అన్నీ మీరే చేస్తే మీరు ఇన్‌ఛార్జి కాదు, ఎక్కువ జీతమున్న ఫిట్టర్. అప్పగించేటప్పుడు ఎలా చేయాలో చెప్పకండి, ఏం కావాలో, ఎప్పటికి కావాలో, ఎక్కడ చిక్కొస్తే మీ దగ్గరికి రావాలో చెప్పండి. మీరు గంటలో చేసేది వాళ్లు మూడు గంటల్లో చేస్తారు. చేతులు కట్టుకుని చూడడం చాలా కష్టం, నాకు ఇప్పటికీ కష్టమే.

నేర్పడానికి సరైన వేళ పని తక్కువున్నప్పుడు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకి చేపలవేట నిషేధం. ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి చూడండి. బోట్లకి రంగులు, ఇంజన్ల రిపేర్లు, వలలు బాగుచేయడం. కుర్ర కలాసీలు పెద్దవాళ్ల పక్కన కూర్చుని వల అల్లడం నేర్చుకునేది కూడా అప్పుడే. నడిసముద్రంలో ఎవరూ నేర్పరు. మీ ఆఫీసులోనూ అలాంటి నెల ఒకటి ఉంటుంది, అది ఏదో కనిపెట్టి పెట్టుకోండి.

ఏడో అడుగు: పైవాళ్లకి "కాదు" చెప్పడం

కింది వాళ్ల చెడు వార్త మీ దాకా వచ్చింది. మీ దగ్గరే ఆగిపోతే? మేనేజర్ ముఖం మాడిపోతుందని మనం నోరు నొక్కుకుంటే, ఆ కుర్రాడు చేసిన పనే మనమూ చేస్తున్నట్టు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, స్వాతంత్ర్యోద్యమం మీద ప్రభుత్వ దమనకాండకి నిరసనగా 1930లో పదవికి రాజీనామా ఇచ్చారు. 1936లో మళ్లీ ఆ పదవికే వచ్చారు. యూనివర్సిటీ కాన్వొకేషన్ హాలుకి ఇప్పుడు ఆయన పేరే. మనకి అంత స్థాయి రాజీనామాలు అక్కర్లేదు, ఇంటి ఈఎంఐలు ఉన్నాయి. ఖాళీ చేతులతో "కుదరదు సార్" అనకుండా, అంకెలతో వెళ్లండి. "నలుగురితో రేపటికి చేస్తే టెస్టింగ్ వదిలేయాలి. ఆరుగురిని ఇస్తే టెస్టింగ్‌తో సహా రేపు. నలుగురితోనే అయితే ఎల్లుండి. ఏది చేయమంటారు?" నిర్ణయం ఆయనదే, నష్టం ఎంతో ఆయనకి తెలిసి తీసుకుంటాడు. మాట ఇచ్చింది లాగ్‌బుక్‌లో రాయడం మరిచిపోవద్దు.

తొంభయ్యో రోజు

ఆరోజు టూల్‌బాక్స్ టాక్ చివర ఒకటే ప్రశ్న అడగండి: "నాకు చెప్పాలనుకుని ఇన్నాళ్లూ చెప్పనిది ఏదైనా ఉందా?" అడిగాక నోరు మూసుకుని మనసులో పది లెక్కపెట్టండి. నిశ్శబ్దం భరించలేక మధ్యలో మీరే మాట్లాడేస్తారు, అలా చేయకండి.

నేను ఏడు దాకా లెక్కపెట్టాను. టీకి వెళ్లొచ్చా అని అడిగిన ఆ సీనియర్ ఫిట్టరే గొంతు సవరించుకున్నాడు.

"ఆ గ్లౌజులున్నాయి సూడు బావూ... నూనె తగిల్తే స్పానర్ జారిపోతంది. నువ్వు ముచ్చటపడి తెచ్చావని ఎవలూ సెప్పనేదు. మూడు నెల్ల నుంచీ నువ్వటు తిరగ్గానే పాతవే తొడుక్కుంటన్నాం."

జేబులోంచి చిరిగిన గ్లౌజు తీసి చూపించాడు. ఒకరి తర్వాత ఒకరు మిగతావాళ్లూ తీశారు.